ఒక్క దెబ్బ తక్కువ

పొద్దున్న ఆరున్నరకి బేసమ్మ పొయ్యి మీద కెటిల్ పెట్టి, అది మరగదని తెలిసి కూడా పది నిమిషాలు దాని ముందు నిలబడింది. అడుగున చిన్నచిన్న బుడగలు కట్టాయి. మూత కాస్త వణికింది. ఆవిరి కెటిల్ మూతి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంకో గంట ఉంచినా అంతకు మించి ముందుకు వెళ్ళదు. ఆమె పొయ్యి ఆపి, కెటిల్‌ని గుడ్డతో పట్టుకుని వెళ్ళి పక్క వాటా తలుపు తట్టింది.

"ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషం" అంటూ పక్కింటావిడ నోట్లో బ్రష్షు తియ్యకుండానే కెటిల్ అందుకుని తన పొయ్యి మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే అది ఈల వేసింది. తొమ్మిదేళ్ళుగా రోజూ జరిగేదే కాబట్టి దాని గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. జలుబు గురించి రెండు ముక్కలు మాట్లాడుకున్నారు, బేసమ్మ ఇంటికొచ్చి టీ కలిపింది.

ఆ ఇంట్లో ఏ పనీ ఆఖరి మెట్టు ఎక్కదు. కాలింగ్ బెల్లు "టింగ్" అంటుంది, "టాంగ్" అనదు. కోటు గుండీలు ఐదుంటే నాలుగే పడతాయి. నాన్నకి తుమ్ము వస్తుంది, కళ్ళు మూస్తారు, నోరు తెరుస్తారు, ఇంటిల్లిపాదీ చేతిలో పని ఆపి చూస్తారు, రాదు. ఆయన మెల్లగా నోరు మూసుకుని పేపరు చదువుకుంటారు. బయటికి వెళ్ళినా ఇది వదిలిపెట్టదు. బేసమ్మ పగలు పనిచేసేది పాత యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో. పెట్టె విప్పడం, కాలిపోయిన ముక్క తీసి కొత్తది అతకడం, మళ్ళీ మూసి మరలు బిగించడం అన్నీ ఆమే చేస్తుంది, ఆఖరి మర మాత్రం ఓనరు వచ్చి బిగిస్తాడు. ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు. విసుగంతా బేసమ్మదే.

కారణం ఊరందరికీ తెలుసు. నాన్న ముప్ఫై నాలుగేళ్ళు నగర వాద్యబృందంలో సింబల్స్ అనే జంట కంచు పళ్ళాలు కొట్టారు. ఏటా కచ్చేరీల కాలం ముగిసే రోజున ఆ బృందం రెండు వందల ఏళ్ళ నాటి కృతి ఒకటి వాయిస్తుంది. వయొలిన్ల వాళ్ళు పదహారు నిమిషాలు చెమటలు కక్కుతూ వాయిస్తుంటే, పళ్ళాల మనిషి వెనక వరసలో నిలబడి ఊరికే లెక్కపెడుతూ ఉండాలి. మూడేసి దెబ్బల ఆవర్తాలు మూడు వందల పన్నెండు. అది అవగానే ఒకే ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బతోనే కృతి ముగుస్తుంది. ముప్ఫై మూడేళ్ళు నాన్న దెబ్బ సరిగ్గా పడింది. రిటైరయ్యే రోజున పళ్ళాలు రెండూ తల మీదకి ఎత్తి, కొట్టకుండా దించేశారు. వయొలిన్ కమానులు గాలిలో ఉండిపోయాయి. ముందు నిలబడి కర్ర ఊపే పెద్దాయన చెయ్యి పైనే ఉండిపోయింది. జనం చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియక కాసేపు కూర్చుని, కోట్లు తగిలించుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. లెక్క తప్పాడు పాపం అనుకున్నారు. ఆ రోజు ఆ కృతి పూర్తి కాలేదు, ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఏదీ పూర్తి కాలేదు.

అమ్మ జబ్బు కూడా. ఆ కచ్చేరీకి ముందు డాక్టరు లెక్కలు చూసి, మహా అయితే మూడు వారాలన్నాడు. ఆ మూడో వారం ఆఖరి రోజు తొమ్మిదేళ్ళుగా నడుస్తూనే ఉంది. అమ్మ కిటికీ పక్క మంచం మీద కూర్చుని గళ్ళ నుడికట్టు నింపుతూ ఉంటుంది, ఆఖరి గడి ఖాళీగా వదిలేస్తూ ఉంటుంది. నొప్పి లేదు, బాగవడమూ లేదు. ఆగిపోయిన ఆ దెబ్బనీ, అమ్మ జబ్బునీ బేసమ్మ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. తెలియక కాదు. అటు చూడడం ఆమెకి ఇష్టం లేదు.

బేసమ్మ అనేది పెట్టిన పేరు. తన కంటే పొడవైన బేస్ గిటారు వీపున తగిలించుకుని తిరుగుతుందని డ్రమ్ముల తొందరయ్య పెట్టాడు. అతనికా పేరు ఎందుకొచ్చిందో అతని వాయిద్యం విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. శాక్సఫోను ఊదేది బూర మాస్టారు, పగలు బడిలో లెక్కలు చెబుతాడు. మెట్లమ్మాయిది కీబోర్డు. నలుగురూ కలిసి ఎనిమిదేళ్ళుగా జాజ్ ఫంక్ వాయిస్తున్నారు. కాలు ఊరుకోని సంగీతం. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క పాట కూడా రికార్డు చేయలేదు, ఎందుకంటే బేసమ్మ ఉన్న ఏ పాటకీ ముగింపు పడదు. ముగింపుకి వచ్చేసరికి నలుగురూ తమకి తెలియకుండానే మొదటికి వెళ్ళిపోతారు. హోటళ్ళలో ఇది చెల్లుతుంది. తినేవాళ్ళు తిని లేచి పోతుంటారు, ఓనరు వచ్చి తీగ పీకేస్తాడు.

ఈసారి అలా చెల్లదు. ఊరి రేడియో వాళ్ళు కొత్త బృందాల కోసం ఒక కార్యక్రమం పెట్టారు, శుక్రవారం సాయంత్రానికి రికార్డు చేతికివ్వాలి. మాటలుండకూడదు, వాయిద్యాలే. బేసమ్మ మొండితనం తెలిసిందేగా, ఆ పాత కృతినే ఎంచుకుంది. నాన్న పూర్తి చేయనిది తను పూర్తి చేసి చూపించాలని కసి. మూడు దెబ్బల నడకని నాలుగుకి మార్చింది. వయొలిన్లు సాగదీసి ఏడ్చిన స్వరాన్ని తుంచి తుంచి శాక్సఫోనుకిచ్చింది. అడుగున తన బేసు గునగునమంటూ పరిగెత్తేలా రాసుకుంది. బాగుంది. చాలా బాగుంది. ముగింపు దాకా.

బుధవారం నాటికి ఇరవై రెండుసార్లు వాయించారు. ఇరవై రెండోసారి కూడా ఆఖరి దెబ్బ దగ్గర తొందరయ్య కర్ర గాలిలో ఆగి, మరుక్షణం పాట మొదటికి దూకింది.

తొందరయ్య కర్రలు కింద పడేశాడు. "నా వల్ల కాదు. ఓడలో బ్యాండుకి మనిషి కావాలంటున్నారు, శనివారం వెళ్ళి చేరిపోతాను. వాళ్ళ పాటలకి తలా తోకా రెండూ ఉంటాయి."

"నేను కావాలని చేస్తున్నానా?" అంది బేసమ్మ. ఆమెకి ఒళ్ళు మండుతోంది, ఏడుపూ వస్తోంది. ఆ ఏడుపు కూడా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

బూర మాస్టారు శాక్సఫోను గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు. "మీ నాన్నగారిని తీసుకురా. ఇది ఆయన దగ్గర తెగింది, అక్కడే అతుక్కోవాలి. మనం ఎన్నిసార్లు వాయించినా లాభం లేదు."

"ఆయన పళ్ళాల పెట్టె తెరిచి తొమ్మిదేళ్ళయింది మాస్టారూ."

"అయితే తెరిపించు. శుక్రవారం పదింటికి స్టూడియో. నువ్వు తిప్పలు పడతావో తిట్లు పడతావో నీ ఇష్టం."

ఆ సాయంత్రం నాన్న బల్ల దగ్గర చొక్కా గుండీ కుట్టుకుంటున్నారు. ఆఖరి ముడి పడక దారం మాటిమాటికీ జారిపోతోంది. బేసమ్మ ఎదురుగా కూర్చుని విషయం చెప్పింది. ఒక్క దెబ్బ. వచ్చి, లెక్కపెట్టి, కొట్టి, వెళ్ళిపోవడమే.

"నేను కొట్టను" అన్నారు నాన్న, తలెత్తకుండా.

"ఎందుకు? మేం వాయించేది మీకు సంగీతంలా వినపడదనా?"

"మీ సంగీతం సంగతి నాకు తెలియదు. గోడలో నుంచి వింటుంటాను. కాలు ఆడుతుంది, అది నిజం. కానీ నేను కొట్టనమ్మా."

ఇక ఆమె ఆగలేకపోయింది. "తొమ్మిదేళ్ళు నాన్నా! కెటిల్ పట్టుకుని పక్కింటికి పోవడం, మర బిగించమని ఓనరుని బతిమాలుకోవడం, పాట ముగించడానికి హోటలు వాడు తీగ పీకడం! మీరొక్క రోజు లెక్క తప్పినందుకు నా బతుకంతా ఒక్క దెబ్బ తక్కువ. ఊరంతా మిమ్మల్ని జాలిగా చూస్తుంటే ఊరుకున్నాను. నామీద ఎవరికి జాలి?"

నాన్న సూది కింద పెట్టారు. "నా లెక్క తప్పలేదు" అన్నారు. "ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. మూడు వందల పన్నెండు అయింది, చేతులెత్తాను. మీ అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది, నీలం శాలువా కప్పుకుని. డాక్టరు అన్న మాట గుర్తొచ్చింది. ఇది ముగిస్తే అన్నీ ముగుస్తాయనిపించింది. కొట్టలేదు."

బేసమ్మ అంతవరకూ చూడకుండా తప్పించుకున్నది ఇప్పుడు బల్ల మీద, గుండీ పక్కన, పరిచి ఉంది. కోపం పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

"అయ్యో, ఇన్నాళ్ళకి చెప్పారా!" అంది అమ్మ కిటికీ దగ్గర నుంచి. వాళ్ళిద్దరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. "నాకు తెలియదనుకున్నారేమిటండీ? ముందు వరసలో ఉన్నది నేనే కదా. చేతులెత్తారు, నన్ను చూశారు, దించేశారు. కళ్ళు పోలేదు నాకు."

"మరి ఎప్పుడూ అనలేదేం?" అన్నారు నాన్న.

"అంటే మీరు నొచ్చుకుంటారని. అయినా మొదట్లో బాగానే ఉంది. ఇద్దరం ఇంట్లో ఉన్నాం, అమ్మాయి పాటలు విన్నాం. తొమ్మిదేళ్ళు తక్కువేం కాదు." అమ్మ నుడికట్టు కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "కానీ విసుగొచ్చిందండీ. వాకిట్లో చెప్పులేసుకుని నిలబడ్డ మనిషిని ఎంతసేపని మాటల్లో పెడతారు? శుక్రవారం నన్నూ తీసుకెళ్ళండి. అమ్మాయి పాట ఎలా ముగుస్తుందో నేను విని తీరాలి."

గురువారం బేసమ్మ దుకాణంలో ఒకే పెట్టెని మూడుసార్లు విప్పి మూడుసార్లు మూసింది. పాట కావాలి, అమ్మా కావాలి. రెండూ కావాలనడం తప్పెలా అవుతుందో ఆమెకి అర్థం కాలేదు, ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

శుక్రవారం పదింటికి చక్రాల కుర్చీలో అమ్మ, చేతిలో నల్ల పెట్టెతో నాన్న స్టూడియోకి వచ్చారు. నాన్న కచ్చేరీ కోటే వేసుకున్నారు, ఐదో గుండీ తెరిచే ఉంది. స్టూడియో అంటే రెండు గదులు. వాయించేవాళ్ళు ఒక గదిలో, అద్దానికి అవతల గదిలో మీటల బల్ల ముందు కూర్చునే ఇంజినీరు. అమ్మని అతని పక్కన కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు.

నాన్న పళ్ళాలు బయటికి తీసి, అంచులు మోచేతితో తుడిచి, డ్రమ్ముల వెనక నిటారుగా నిలబడ్డారు. "మీరు నాలుగులో వాయించుకోండి. నేను మూడులోనే లెక్కపెడతాను. మూడు వందల పన్నెండు అయ్యాక చూసుకోండి."

"రెండూ కలవాలి కదండీ" అన్నాడు తొందరయ్య.

"పన్నెండు దెబ్బలకోసారి వాటంతటవే కలుస్తాయి. మాస్టారు లెక్కలాయనేగా, అడగండి."

ఎర్ర దీపం వెలిగింది. పాట మొదలైంది. వెనక పెదవులు కదుపుతూ ఒక మనిషి నిలబడ్డాడన్న భయానికో ఏమో తొందరయ్య జీవితంలో మొదటిసారి తొందరపడలేదు. శాక్సఫోను ఆ పాత స్వరాన్ని అందుకుని, విరిచి, చిలిపిగా వంకర తిప్పి వదిలింది. నాన్న మొహం చిట్లించారు, తర్వాత ఆయన మడమ నేలని తట్టడం మొదలుపెట్టింది, పెదవులు మాత్రం లెక్క వదల్లేదు. తొమ్మిది నిమిషాలు. రెండు వందల తొంభై. మూడు వందలు. నాన్న చేతులు పైకి లేచాయి. ఈసారి ఆయన అద్దం వైపు చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

చూసింది బేసమ్మ. అద్దానికి అవతల అమ్మ తల కాస్త పక్కకి వంచి, బస్సు వచ్చే వైపు చూస్తున్న మనిషిలా తేలిగ్గా కూర్చుని ఉంది. ముగింపు స్వరం మీదకి వెళ్ళాల్సిన బేసమ్మ వేలు వెళ్ళలేదు. ఇంటికి పట్టిన శాపం కాదు, ఇంకెవరి తప్పూ కాదు, ఆమే. తెలిసి తెలిసి వేలుని వెనక్కి లాగి మొదటి స్వరం మీద వేసింది. కాళ్ళ కింద నేల మారిపోతే అందరూ తడబడి పాట మొదటికి వెళ్ళిపోయారు. నాన్న చేతులు గాలిలో ఉండిపోయాయి.

"నువ్వే!" అని అరిచాడు తొందరయ్య. "నేను చూశాను, నువ్వే తిప్పావు! తండ్రీకూతుళ్ళు ఇద్దరూ కలిసి మమ్మల్ని ఆడిస్తున్నారా?"

బేసమ్మ గిటారు మెడ పట్టుకుని నేల మీద చతికిలబడింది. నాన్న పళ్ళాలు దించి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. తిట్టలేదు. "చూశావా, ఎంత బరువుంటుందో" అన్నారు అంతే.

గోడకున్న స్పీకరులో ఇంజినీరు గొంతు గరగరలాడింది. అతనికి ఈ ఇంటి సంగతులేవీ తెలియవు, ఒంటిగంటకి ఇంకో బృందం వస్తుందన్నది ఒక్కటే తెలుసు. "ఏమండీ, ముగింపుతో ఇంత తంటా ఎందుకు? వాయిస్తూనే ఉండండి, నేను ఇక్కడ మీట మెల్లగా కిందకి లాగేస్తాను. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోతుంది. సగం ఫంక్ పాటలు అలాగేగా అయ్యేది."

నాన్న మొహం ఎర్రబడింది. "అది అన్యాయం. దొంగతనం. కృతి అన్నాక ఒక చోట ఆగాలి."

"మీరు ఆగనిచ్చారా?" అంది అమ్మ స్పీకరులో. నలుగురికీ నవ్వొచ్చింది, నాన్నకి కూడా. తర్వాత ఆమె గొంతే మళ్ళీ, ఇంజినీరుతో. "బాబూ, ఆ మీట ఏది? ఇదా? దీన్ని నేను లాగొచ్చా?"

"లాగండమ్మా. ఇరవై సెకన్లలో కిందకి రావాలి, మరీ సాగదీస్తే బాగోదు."

"అది నాకు వదిలెయ్యి" అంది అమ్మ.

మళ్ళీ ఎర్ర దీపం. ఈసారి నాన్న లెక్కపెట్టలేదు. మూడు వందల పన్నెండు ఎక్కడ వచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ చూసుకోలేదు. ఆయన పళ్ళాల అంచులని తాకీ తాకనట్టు రాస్తూ, ప్రతి ఆవర్తానికీ ఒక సన్నని "స్స్" అనే శబ్దం కలిపారు, ముప్ఫై నాలుగేళ్ళలో వెనక వరసలో ఆయన వాయించినదంతా కలిపినా అంత ఉండదు. అద్దం అవతల అమ్మ బల్ల మీదకి వంగి రెండు వేళ్ళతో మీట పట్టుకుంది. బేసమ్మకి వాయిస్తున్నవాళ్ళ చప్పుడే తప్ప అక్కడ ఏం తగ్గుతోందో వినపడదు, అమ్మ చెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యి కదులుతోందా లేదా అని పట్టి చూస్తే కదలనట్టే ఉంది, కాసేపు తల తిప్పి చూస్తే కాస్త కిందకి వచ్చి ఉంది. ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. ఇరవై సెకన్లు కాదు, నాలుగు నిమిషాలు పట్టింది.

ఎర్ర దీపం ఆరింది. తొందరయ్య కర్రలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మెట్లమ్మాయి చేతులు ఒళ్ళోకి వచ్చాయి. పాట మొదటికి వెళ్ళలేదు.

రేడియోలో దాన్ని ఆ తర్వాతి ఆదివారం వేశారు. ముగింపు రాయడం చేతకాలేదు కాబోలని ఒక పెద్దమనిషి ఉత్తరం రాశాడు, ఇంకో పదిమంది మళ్ళీ వెయ్యమని రాశారు. తొందరయ్య ఓడ ఎక్కలేదు. ఇంట్లో పనులు ఎప్పటివి అప్పుడు పూర్తవడం మొదలుపెట్టాయి, వారం తిరిగేసరికి అది కూడా అలవాటైపోయింది. బేసమ్మ మాత్రం ప్రతి పొద్దున్నా లేవగానే కిటికీ వైపు పరిగెత్తేది. అమ్మ అక్కడే ఉండేది, నవ్వుతూ.

ముందు అమ్మ గొంతు కాస్త తగ్గింది. వంటింట్లోకి వినపడేలా పిలిచే అమ్మ పిలుపు హాలు దాటి రాలేదు. ఇంకో పది రోజులకి మంచం దగ్గరికి వస్తేనే మాట తెలిసేది. ఆమె చెంచా కప్పుకి తగిలినా చప్పుడు రావడం మానేసింది. దగ్గు మెత్తబడింది. నొప్పి ఉందా అని అడిగితే లేదనేది. డాక్టరు వచ్చి గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు వంగి విని, "ఉంది, సన్నగా ఉంది" అని వెళ్ళిపోయాడు. అమ్మకి అదంతా సరదాగా ఉన్నట్టుంది. రహస్యాలు చెబుతున్నట్టు పెళ్ళయిన కొత్త సంగతులన్నీ నాన్నకి వరసపెట్టి చెప్పుకొచ్చింది.

నాన్న రోజుకి బెత్తెడు చొప్పున కుర్చీ ముందుకి జరుపుకుంటూ వచ్చారు. బల్ల దగ్గరి నుంచి గది మధ్యకి, అక్కణ్ణించి మంచం కాళ్ళ వైపుకి, తర్వాత తలగడ పక్కకి. చలికాలం అలా గడిచింది. బేసమ్మకి కోపం రావాల్సింది, దుఃఖం రావాల్సింది, రెండూ వచ్చాయి. ఈసారి గొంతు దగ్గర ఆగలేదు. వంటింట్లో ఏడ్చి, మొహం కడుక్కుని, వచ్చి కూర్చునేది.

ఎండ కాస్త వేడెక్కిన ఒక రోజు మధ్యాహ్నం ఆమె దుకాణం నుంచి తిరిగొచ్చేసరికి, నాన్న కుర్చీ మంచాన్ని ఆనుకుని ఉంది. ఆయన వంగి, అమ్మ పెదవులకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. మడమ నేల మీద మెల్లగా ఆడుతోంది. బేసమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాన్నా" అంది చివరికి. "అమ్మ..."

ఆయన కళ్ళు తెరవకుండానే వేలెత్తి ఆమెని ఆపారు.

"ఉండమ్మా" అన్నారు. "నాకు ఇంకా వినపడుతోంది."